ఈవెంట్ సైట్‌లో యూజర్ల పోస్టర్లు అప్‌లోడ్ చేయించుకోవడం ఎలా? (వచ్చిన ఫైల్ వచ్చినట్టే పెట్టేయకండి)

కమ్యూనిటీ ఈవెంట్ల సైట్లు చాలావాటిలో జరిగేది ఇదే: ఫారంలో ఒక ఫైల్ బటన్ పెడతారు, వచ్చిన పోస్టర్‌ని అదే పేరుతో అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడేస్తారు, లిస్టింగ్‌లో చూపించేస్తారు, పని అయిపోయిందనుకుంటారు. ముక్కూమొహం తెలియని మనిషి మీ సర్వర్‌లో తనకిష్టమైన ఫైల్ పెట్టుకుని మీ పేరు మీద అందరికీ చూపించుకోవచ్చని ఒప్పుకున్నట్టే కదా అది! యూజర్ పంపిన ఫైల్ ఎవరికీ చూపించొద్దు, దాన్నుంచి మనం కొత్తగా తయారు చేసిన కాపీ మాత్రమే చూపించాలి. మిగతా స్టెప్పులన్నీ దీని కోసమే.

స్టెప్ 1: ఏవి తీసుకోవాలి

జేపెగ్, పీఎన్‌జీ, వెబ్‌పీ, షెడ్యూల్ కోసం పీడీఎఫ్. అంతే. ఐఫోన్లు 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఫొటోలు హెచ్ఈఐసీలో తీస్తున్నాయి కాబట్టి మీరు వాడే బొమ్మల లైబ్రరీ దాన్ని చదవగలిగితే అదీ తీసుకోండి. వర్డ్, జిప్ వద్దు. ఎస్‌వీజీ అసలే వద్దు, పైకి బొమ్మే గానీ లోపల ఉండేది ఎక్స్‌ఎంఎల్, అందులో జావాస్క్రిప్ట్ దాచొచ్చు, లింక్ నేరుగా తెరిస్తే అది మీ సైట్ కోడ్ లాగే రన్ అవుతుంది. "ఇవి వద్దు" అని లిస్ట్ రాయకండి, "ఇవే కావాలి" అని రాయండి. సర్వర్ మీద కోడ్‌గా రన్ అయ్యే పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్ ఆపితే, కొన్ని సర్వర్లలో అలాగే రన్ అయ్యే పీహెచ్‌టీఎంఎల్ అని పెట్టి పంపిస్తారు.

స్టెప్ 2: సైజు, లాగిన్

10 ఎంబీ దాటనివ్వొద్దు. వెబ్ సర్వర్ ఎన్‌జింక్స్ డిఫాల్ట్ లిమిట్ 1 ఎంబీ, పీహెచ్‌పీది 2 ఎంబీ, వాటిని కూడా మార్చాలి, లేకపోతే మామూలు ఫోన్ ఫొటోకే ఎర్రర్ వస్తుంది. బ్రౌజర్‌లో పెట్టే చెక్ యూజర్ సౌకర్యం కోసం మాత్రమే, అసలు చెక్ సర్వర్‌లో ఉండాలి. ఈమెయిల్ వెరిఫై అయినవాళ్ళకే అప్‌లోడ్ ఇవ్వండి, గంటకి ఇన్ని అని లిమిట్ పెట్టండి.

స్టెప్ 3: ఫైల్‌ని విప్పి మళ్ళీ రాయడం

ఇక్కడే దాదాపు అందరూ చెడగొట్టేది, కాస్త నిదానంగా చదవండి.

ఎక్స్‌టెన్షన్ అంటే ఉత్త పేరు. ఫైల్ ఏ రకమో చెబుతూ బ్రౌజర్ పంపే కంటెంట్-టైప్ కూడా అవతలివాళ్ళు రాసి పంపేదే, ఏదైనా రాయొచ్చు. సరే, ఫైల్ మొదటి బైట్లు చూద్దాం అంటారు కొందరు, అదీ చాలదు. జిఫ్ ఫైల్ మొదట్లో ఉండాల్సింది ఆరు అక్షరాలు, అవి కరెక్ట్‌గా పెట్టి వెనకాల పీహెచ్‌పీ కోడ్ పెడితే ఆ చెక్ హాయిగా పాసైపోతుంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు ఉంటుంది వ్యవహారం. అందుకే పిల్లో గానీ షార్ప్ గానీ, ఏదో ఒక బొమ్మల లైబ్రరీ వాడి బొమ్మని పూర్తిగా డీకోడ్ చేసి (అంటే పిక్సెల్స్‌గా విప్పి), ఆ పిక్సెల్స్ మాత్రమే తీసుకుని కొత్త జేపెగ్ రాయాలి. చివర అతికించినవి, కామెంట్లలో దాచినవి అన్నీ పాత ఫైల్‌తోనే పోతాయి.

కానీ డీకోడ్ చేసే ముందే పొడవు, వెడల్పు చదవండి, అవి ఫైల్ మొదట్లో ఉండే హెడర్‌లోనే ఉంటాయి. చిన్న ఫైల్ అయినా సరే తనది 30,000 బై 30,000 పిక్సెల్స్ అని చెప్పుకోవచ్చు, అంటే 90 కోట్ల పిక్సెల్స్, పిక్సెల్‌కి 3 బైట్లు వేసుకున్నా 2.7 జీబీ మెమరీ, సర్వర్ అక్కడే కూలబడుతుంది. పిల్లో దాదాపు 8.9 కోట్ల పిక్సెల్స్ దాటితే హెచ్చరిక మాత్రమే ఇస్తుంది, దానికి రెట్టింపు దాటితేనే ఆపుతుంది. దాని మీద ఆధారపడకండి, 5 కోట్లు దాటితే మీరే తిప్పి పంపండి.

తర్వాత ఎగ్జిఫ్, అంటే ఫొటో ఫైల్ లోపల కెమెరా రాసిపెట్టే వివరాలు. ఫోన్ ఫొటోలో జీపీఎస్ ఉండొచ్చు, ఈవెంట్ పెట్టినావిడ ఇంటి లొకేషన్ ఊరందరికీ ఎందుకు తెలియాలి? కొత్త కాపీలో అది ఉండకూడదు. అయితే ఫొటో ఎటు తిప్పి చూపించాలో చెప్పే వివరం కూడా ఎగ్జిఫ్‌లోనే ఉంటుంది, కాబట్టి ముందు బొమ్మని దాని ప్రకారం తిప్పి, ఆ తర్వాత ఎగ్జిఫ్ తీసేయండి. వరస మార్చారంటే పోస్టర్లు అడ్డంగా పడుకుంటాయి.

ఇంకోటి, డీకోడ్ చేసే లైబ్రరీలో కూడా లోపాలుంటాయి. 2016లో ఇమేజ్‌మ్యాజిక్ అనే బొమ్మల లైబ్రరీలో ఇమేజ్‌ట్రాజిక్ అనే లోపం బయటపడింది, బొమ్మ పేరుతో వచ్చిన ఫైల్ సర్వర్ మీద కమాండ్లు నడిపించేది. అందుకే ఈ పని వెబ్ యాప్‌లో కాకుండా విడి ప్రాసెస్‌లో చేయించండి, దానికి నెట్‌వర్క్ ఇవ్వకండి, మెమరీకీ టైమ్‌కీ లిమిట్ పెట్టండి, లైబ్రరీ అప్‌డేట్ చేస్తూ ఉండండి.

డీకోడ్ ఫెయిలైతే? రిజెక్ట్ చెయ్యండి. "కన్వర్ట్ కాకపోతే ఒరిజినలే సేవ్ చేద్దాం" అని ఎర్రర్ హ్యాండ్లింగ్‌లో రాసే ఆ ఒక్క లైన్ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే పాడు ఫైళ్ళన్నీ సరిగ్గా ఆ దారిలోనే లోపలికి వస్తాయి.

"యాంటీవైరస్ స్కాన్ పెట్టాం కదా" అంటారు. క్లామ్ఏవీ మంచిదే, పెట్టండి, కానీ అది ప్రధానంగా తెలిసిన వాటినే పట్టుకుంటుంది. మళ్ళీ రాసే పద్ధతిలో మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే లేదు, ఏది వచ్చినా బయటికి పోయేది మన జేపెగే.

పీడీఎఫ్‌కి కూడా ఇదే. పీడీఎఫ్‌టుపీపీఎం లాంటి టూల్‌తో, అదీ పైన చెప్పిన విడి ప్రాసెస్‌లోనే, మొదటి రెండు పేజీలు బొమ్మలుగా మార్చి అవే చూపించండి. ఈవెంట్ షెడ్యూల్ రెండు పేజీలు దాటితే అది ఎవరూ చదవరు.

స్టెప్ 4: ఎక్కడ పెట్టాలి

యూజర్ ఇచ్చిన ఫైల్ పేరు డిస్క్ దాకా రానివ్వకండి, అందులో పై ఫోల్డర్‌కి వెళ్ళే చుక్కలూ గీతలూ ఉండొచ్చు. మనమే ర్యాండమ్ పేరు, మన ఎక్స్‌టెన్షన్ పెట్టాలి. మళ్ళీ రాసిన తర్వాత కూడా బతికేలా పిక్సెల్స్‌లోనే కోడ్ అల్లినవాళ్ళున్నారు, కాబట్టి ఆ ఫోల్డర్‌లో ఏ స్క్రిప్టూ రన్ కాకూడదు. బొమ్మలు వేరే డొమైన్ నుంచి ఇవ్వండి, గిట్‌హబ్ కూడా యూజర్ కంటెంట్ అలాగే ఇస్తుంది. సబ్‌డొమైన్ అయితే మీ సైట్ కుకీలు (లాగిన్‌ని గుర్తుపెట్టుకునే డేటా) దానికీ చేరే గొడవ ఉంటుంది, నేను ఒప్పుకోను. ఫైల్ రకాన్ని బ్రౌజర్ తనంతట తానే ఊహించుకోకుండా ఆపే నోస్నిఫ్ హెడర్ పెట్టండి. ఒరిజినల్‌ని పని కాగానే డిలీట్ చెయ్యండి.

స్టెప్ 5: అప్రూవల్

టెక్నికల్‌గా శుభ్రంగా ఉన్న బొమ్మలో కూడా బూతు ఉండొచ్చు, మోసం చేసే క్యూఆర్ కోడ్ ఉండొచ్చు. మనిషి చూశాకే పబ్లిష్ కావాలి, అప్పటిదాకా ఆ బొమ్మ లింక్ బయటివాళ్ళకి తెరుచుకోకూడదు, లేకపోతే స్పామర్లకి మీ సైట్ ఉచిత గోడౌన్ అయిపోతుంది. ఈవెంట్ అయిన 30 రోజులకి ఫైళ్ళు తీసేయండి.

సైట్ లైవ్ చేసే ముందు మీరే మూడు అప్‌లోడ్ చేసి చూడండి: జేపెగ్ అని పేరు మార్చిన హెచ్‌టీఎంఎల్ ఫైల్, లొకేషన్ ఆన్‌లో పెట్టి నిలువుగా తీసిన ఫోన్ ఫొటో, సగంలో కట్ చేసిన పీఎన్‌జీ. మొదటిదీ మూడోదీ రిజెక్ట్ కావాలి. రెండోదాన్ని సైట్ నుంచి మళ్ళీ డౌన్‌లోడ్ చేసి చూస్తే నిలువుగానే ఉండాలి, లొకేషన్ ఉండకూడదు.