పెద్దవాళ్ల పళ్లెం: సత్తువ తగ్గకుండా ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి

మణికట్టు దగ్గర ఆగే గాజులు చెయ్యెత్తగానే మోచేతి దాకా జారుతుంటాయి. బెల్టుకి కొత్త చిల్లు పొడవాల్సి వస్తుంది. సోఫాలోంచి లేచేటప్పుడు చెయ్యి దానంతటదే ఆసరా వెతుక్కుంటుంది. ఇంట్లో ఇవన్నీ కనబడుతూనే ఉంటాయి, కానీ "వయసైపోయింది కదా" అని వదిలేస్తాం. ఇందులో వయసు వాటా ఉన్నట్టే, పళ్లెం వాటా కూడా ఉంటుంది. వయసుని మార్చలేం, పళ్లేన్ని మాత్రం రేపు పొద్దుటి నుంచే మార్చవచ్చు.

ఈ స్థితిని డాక్టర్లు ఫ్రెయిల్టీ అంటారు. 2001లో అమెరికాలో లిండా ఫ్రైడ్ బృందం దీనికి ఐదు గుర్తులు చెప్పింది: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ఎప్పుడూ అలసటగా ఉండడం, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలికలు తగ్గడం. మూడు ఉంటే ఫ్రెయిల్టీ. ఒకటో రెండో ఉంటే దాని అంచున ఉన్నట్టు. తిండితో ఎక్కువ మేలు జరిగేది ఈ అంచున ఉన్నప్పుడే. పూర్తిగా పడిపోయాక లేపడం చాలా కష్టం.

ముందు కొలవండి

బరువు: నెలకోసారి, ఒకటో తారీఖున, పొద్దున్నే బాత్రూముకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఎప్పుడూ ఒకే మిషన్ మీద చూసి క్యాలెండర్ మీద రాయండి. అరవై కిలోల మనిషి ఆరు నెలల్లో 57కి వస్తే ఐదు శాతం పోయినట్టు. అప్పుడు తిండి సంగతి తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. థైరాయిడ్, షుగర్, టీబీ, క్యాన్సర్, దిగులు, వీటిలో ఏదైనా దాని వెనక ఉండవచ్చు.

పిక్క: కూర్చోబెట్టి, పాదం నేలకి ఆనించి, పిక్కలో అన్నిటికన్నా లావుగా ఉన్నచోట టేపు చుట్టండి, నొక్కకండి. ఆసియా దేశాల నిపుణులు 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం మగవాళ్లకి 34, ఆడవాళ్లకి 33 సెంటీమీటర్లకి తగ్గితే కండ కరుగుతోందేమో చూపించుకోవాలి. కాళ్లకి నీరు దిగినవాళ్లలో ఈ కొలత మోసం చేస్తుంది.

కుర్చీ: చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి. మీరు పక్కనే నిలబడండి. కుర్చీ గోడకి ఆనించి ఉండాలి. 12 సెకన్లు, అంతకు మించి పడితే కాళ్లలో సత్తువ తగ్గినట్టే.

లోటు ఎక్కడుంది

అరవై ఐదు దాటినవాళ్లకి రోజుకి కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలని వృద్ధుల పోషణ నిపుణులు చెబుతున్నారు. 55 కిలోల అమ్మమ్మకి 55 నుంచి 66 గ్రాములన్నమాట. వయసులో ఉన్నవాళ్ల కన్నా పెద్దవాళ్లకే ఎక్కువ కావాలి. ఎందుకంటే వయసు పెరిగేకొద్దీ కండ, తిన్న ప్రొటీన్‌కి మునుపటంత చురుగ్గా స్పందించదు.

ఇప్పుడు మామూలు రోజు లెక్క చూడండి. పొద్దున కాఫీ, రెండు ఇడ్లీలు, కాస్త చట్నీ: 8 గ్రాములు. మధ్యాహ్నం కప్పు అన్నం, బీరకాయ కూర, చారు, పల్చటి మజ్జిగ: మరో 8. సాయంత్రం టీ. రాత్రి ఉప్మాయో రెండు పుల్కాలో: 6. అన్నీ కలిపినా పాతిక గ్రాములు దాటదు. కడుపు నిండుతుంది, ఆకలి తీరుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

"మేం రోజూ పప్పు తింటాం" అంటారు. పప్పుచారులో నలుగురికి కలిపి ఒక గుప్పెడు కందిపప్పు పడుతుంది. మనిషికి పది గ్రాముల పప్పు, అంటే రెండు గ్రాముల ప్రొటీన్. మిగతాదంతా చింతపండు పులుసు. రాగి జావ కూడా ఇంతే. కాల్షియం కోసం మంచిదే, కానీ 20 గ్రాముల పిండితో నీళ్లలో కాచిన గ్లాసు జావలో గ్రామున్నర ప్రొటీన్ ఉంటుంది. భోజనానికి బదులు జావ ఇస్తే కడుపులో చోటు పోతుంది, కండకి ఏమీ దక్కదు. కాచేటప్పుడు సగం నీళ్లు, సగం పాలు పొయ్యండి.

మార్చిన రోజు

ప్రొటీన్ అంతా ఒక్క మధ్యాహ్నమే కాకుండా మూడు పూటలా, పూటకి దాదాపు 20 గ్రాములు ఉండేలా చూడండి. అన్నిటికన్నా ముందు పొద్దుటి టిఫిన్ మార్చాలి.

పొద్దున: 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు (14 గ్రాములు), 200 మి.లీ. పాలు (6). పెసలు ఐదారు గంటలు నానాలి. పళ్లు లేనివాళ్లకి పిండి మెత్తగా రుబ్బి, కాస్త మందంగా పోసి, మూత పెట్టి సన్నటి సెగ మీద కాల్చండి. కరకరలాడేలా కాలిస్తే అంచులు వదిలేస్తారు, సగం అట్టు పళ్లెంలోనే ఉంటుంది.

మధ్యాహ్నం: కప్పు అన్నం (4), 40 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పు (9), ఒక గుడ్డు (6), వంద గ్రాముల గట్టి పెరుగు (3). నలభై గ్రాములంటే మూడు పెద్ద చెంచాల పచ్చి పప్పు. అది ఆ ఒక్క మనిషికే, ఇంటిల్లిపాదికీ కాదు. పప్పు అరగంట నానబెట్టి, పసుపు, ఇంగువ వేసి, గుత్తితో మెదిపితే జారిపోయేంత మెత్తగా ఉడకనివ్వండి. గుడ్డు తిననివాళ్లకి కూరలో 15 గ్రాముల మీల్ మేకర్ నానబెట్టి, పిండి, తరిగి వెయ్యండి (7).

వడ్డించే వరస కూడా ముఖ్యమే. చారన్నంతో మొదలుపెడితే నాలుగు ముద్దలకే "చాలమ్మా" అంటారు. మొదటి ముద్ద పప్పన్నం, గుడ్డు దానితోపాటే, చారు ఆ తర్వాత. మజ్జిగ బదులు పెరుగు.

సాయంత్రం: 25 గ్రాముల పుట్నాలు (5). పళ్లు లేకపోతే పుట్నాల పొడిని పాలతో జారుగా కలిపి, కాస్త బెల్లం వేసి పెట్టండి. ఉత్త పొడి గొంతుకి అడ్డం పడుతుంది.

రాత్రి: రెండు చిన్న పుల్కాలు (5), 50 గ్రాముల పనీర్ కూర (9), 150 మి.లీ. పాలు (5). పనీర్ ఖరీదనుకుంటే 45 గ్రాముల ఎండు శనగలు నానబెట్టి, మెత్తగా ఉడికించి కూర చేయండి.

అంతా కలిపితే 66 గ్రాముల దాకా వస్తుంది.

మాంసాహారులకి ఇంకా తేలిక. గట్టి ముక్కలు నమలలేక పక్కన పెట్టేస్తారు కాబట్టి మటన్ అయితే కీమా చేయించండి, చికెన్ పెరుగులో నానబెట్టి ఎక్కువసేపు ఉడికించండి, చేపల్లో ముళ్ల భయం లేని సొర పుట్టు లాంటివి పెట్టండి. ఉడికించిన గుడ్డు పొడిగా గొంతు పట్టేస్తుందంటే, చెంచా పాలు పోసి మెత్తగా పొరటు చేయండి.

అడ్డం పడేవి

గ్యాస్: పప్పు మానేయడానికి మొదటి కారణం ఇదే. ఒక్కసారిగా 40 గ్రాములు పెట్టకండి. పెసరపప్పుతో మొదలుపెట్టి, 15 గ్రాముల నుంచి రెండు వారాల్లో పెంచండి.

షుగర్ భయం: "అన్నం వద్దు, తీపి వద్దు, నూనె వద్దు" అని ఒక్కొక్కటే తీసేసి చివరికి ఏమీ మిగలని పళ్లేలు చాలా ఇళ్లలో ఉన్నాయి. తీసేసిన అన్నం చోట పప్పో గుడ్డో రావాలి. మాత్రలు, ఇన్సులిన్ మాత్రం అలాగే ఉంచి తిండి తగ్గిస్తే షుగర్ పడిపోయి తూలి పడతారు, తుంటి విరుగుతుంది.

పథ్యం: దీని గురించి గట్టిగానే చెప్పాలి. లంఖణం పరమౌషధం అన్న మాట డెబ్భై ఏళ్ల మనిషికి వర్తించదు. జ్వరం వచ్చిందని పది రోజులు బ్రెడ్డు, చారన్నం, గ్లూకోజు నీళ్లతో నెట్టుకొస్తే, జ్వరం తగ్గుతుంది కానీ మనిషి మంచం దిగలేడు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లే పది రోజులు మంచానికి పరిమితమైతే కాళ్ల కండ దాదాపు కిలో తగ్గినట్టు ఒక పరిశోధనలో తేలింది. జబ్బు పడ్డప్పుడు ప్రొటీన్ అవసరం కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాములకి పెరుగుతుంది. పూటకి ఎక్కువ పోకపోతే రెండున్నర గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టండి: మెత్తటి పెసరపప్పు కిచిడీ, గుడ్డు, పెరుగన్నం, రెండు పెద్ద చెంచాల పాలపొడి కలిపిన పాలు (ఆ పొడితోనే మరో 4 గ్రాములు). అయితే వారం పైగా దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టకూడదు. రక్తంలో లవణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చూస్తుండగా మొదలుపెట్టాలి.

ఒక పొద్దులు: శనివారం, సోమవారం, ఏకాదశి అన్నీ ఉండేవాళ్లున్నారు. మానమంటే బాధపడతారు, మానక్కర్లేదు. ఆ రోజు పాలు, పెరుగు, వేరుశనగలు ఫలహారంలో తప్పకుండా ఉండేలా చూడండి.

డబ్బాల్లో వచ్చే బలం పొడులు: డబ్బా వెనక వంద గ్రాములకి ప్రొటీన్ ఎంతో చదవండి. పదిలోపు ఉంటే అది తీపి పానీయమే.

వీళ్లకి మాత్రం డాక్టరుని అడిగాకే

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ప్రొటీన్ సొంతంగా పెంచకూడదు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్ రక్తపరీక్షలు చూపించి ఎంత తినవచ్చో అడగండి. నీళ్లు తాగుతుంటే పొరబోయి దగ్గేవాళ్లకి మింగడంలో ఇబ్బంది ఉన్నట్టు. నిటారుగా కూర్చోబెట్టి పెట్టండి, ఆలస్యం చేయకుండా చూపించండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లు, శాకాహారులు బీ12 విటమిన్ పరీక్ష చేయించుకోవాలి. అది తగ్గినా నీరసం, తూలడం ఇలాగే ఉంటాయి, పప్పుతో తీరవు.

తిన్నది కండగా మారాలంటే ఆ కండకి పని పడాలి. పైన చెప్పిన కుర్చీ పరీక్షనే వ్యాయామంగా చేయించండి: ఐదుసార్లు లేచి కూర్చోవడం, పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి. వారం గడిచాక పదికి పెంచండి. మొదట్లో చేతులు ఆనించినా ఫరవాలేదు.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు తమ ఒక్కళ్ల కోసం పొయ్యి వెలిగించరు, మజ్జిగన్నంతో ముగిస్తారు. మీరు వేరే ఊళ్లో ఉంటే ఫోన్లో "తిన్నావా" అని అడక్కండి, "తిన్నా" అనే అంటారు. "పప్పు ఎంత వేశావు, గుడ్డు ఉడకబెట్టావా" అని అడగండి. వీలైతే వాళ్లు భోజనానికి కూర్చునే వేళకే వీడియో కాల్ చేయండి.