పిల్లల్లో మెటబాలిక్ జబ్బు అనుమానం వస్తే శాంపిల్ తీసే పద్ధతి, దాచే పద్ధతి

పుట్టిన మూడో రోజో నాలుగో రోజో పాలు మానేసి మత్తుగా పడి ఉన్న పసికందు, చిన్న జ్వరానికే ఫిట్స్ వచ్చి షుగర్ పడిపోయిన ఏడాది బిడ్డ. ఇద్దరిలోనూ తిన్నదాన్ని శరీరం వాడుకునే రసాయన మార్గంలో లోపం, అంటే మెటబాలిక్ జబ్బు, ఉండొచ్చు. ఇద్దరికీ ముందు గ్లూకోజ్ ఎక్కిస్తాం, పాలు ఆపుతాం. దాంతో శరీరం తన సొంత ప్రోటీన్‌నీ కొవ్వునీ కరిగించుకోవడం తగ్గుతుంది, బిడ్డ తేరుకుంటుంది. జబ్బు ఆనవాళ్లు కూడా అదే వేగంతో చెరిగిపోతాయి. ఉదాహరణకు వీఎల్‌క్యాడ్ లోపం (కొవ్వును కాల్చే ఒక ఎంజైమ్ లేని జబ్బు) ఉన్న బిడ్డ మామూలుగా తింటూ తిరుగుతున్నప్పుడు రక్తం తీస్తే అసిల్‌కార్నిటిన్ (కొవ్వు పూర్తిగా కాలక మిగిలే ముక్కల) రిపోర్టు నార్మల్‌గా రావచ్చు. అందుకే డ్రిప్ పెట్టే సూదిలోంచే, డ్రిప్ కలపకముందే, మొదటి రక్తం తీసి పెట్టుకోవాలి. శాంపిల్ కోసం చికిత్స ఆలస్యం చేయకూడదు. నరం దొరకడానికి సమయం పడుతోందనుకుంటే గ్లూకోజే ముందు.

రాత్రి రెండు గంటలకు ట్యూబులు వెతుక్కునే పరిస్థితి రాకుండా వార్డులో ఒక పెట్టె సిద్ధంగా ఉంచండి. అందులో ఈడీటీఏ ట్యూబులు (రక్తం గడ్డకట్టనివ్వనివి), ఫ్లోరైడ్ ట్యూబు (కణాలు షుగర్‌ను వాడేయకుండా ఆపేది), లిథియం హెపారిన్ ట్యూబు (ఇదీ గడ్డకట్టనివ్వదు), ప్లెయిన్ ట్యూబు (ఏమీ కలపనిది), ఫిల్టర్ పేపర్ కార్డు, మూత్రం సంచి, లేబుళ్లు, రాసుకునే ఫారం ఉండాలి. ఐస్ ఎక్కడ దొరుకుతుందో పెట్టె మూత మీదే రాసిపెట్టండి. 3 కిలోల పసికందు ఒంట్లో ఉండే రక్తం మొత్తం కలిపి సుమారు 250 మి.లీ. మాత్రమే. కాబట్టి ఎంత తీయగలమో ముందే అనుకుని వరుస పెట్టుకోవాలి: షుగర్, బ్లడ్ గ్యాస్ (రక్తంలో ఆమ్లం, క్షారం కొలత), అమ్మోనియా (ప్రోటీన్ విరిగితే వచ్చే విషం), లాక్టేట్ (శక్తి తయారీ కుంటుపడితే పేరుకునేది), కార్డు మీద చుక్కలు, ఆ తర్వాత అమైనో ఆమ్లాలు, చివరికి డీఎన్‌ఏ. డీఎన్‌ఏ రేపు తీసినా మారదు, అమ్మోనియా మారుతుంది.

అమ్మోనియా

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. ఎర్ర రక్తకణాల లోపల అమ్మోనియా ప్లాస్మాలో (కణాలు తీసేస్తే మిగిలే రక్తద్రవంలో) కన్నా దాదాపు మూడు రెట్లు ఉంటుంది. కణాలు చితికితే అదంతా బయటికొస్తుంది. చితకకపోయినా, తీసిన రక్తం గది వేడిలో ఊరికే ఉంటే అమైనో ఆమ్లాలు, ముఖ్యంగా గ్లూటమిన్, విడిపోతూ అమ్మోనియాను పెంచుతూనే ఉంటాయి. కింద చెప్పిన జాగ్రత్తలన్నీ ఈ రెండు కారణాల నుంచి వచ్చినవే.

వేలు గుచ్చి, మడమ గుచ్చి తీసిన రక్తం అమ్మోనియాకు పనికిరాదు. పిండితే కణాలు చితుకుతాయి, చర్మం మీది చెమట కూడా కలుస్తుంది. నరం నుంచో ధమని నుంచో రక్తం తనంతట తాను ధారగా రావాలి. వీలైతే టోర్నికే (చేతికి బిగించే కట్టు) వద్దు. తప్పదంటే సూది దిగగానే వదిలేసి, కాసేపు రక్తం పారనిచ్చి అప్పుడు తీయండి. ఈడీటీఏ ట్యూబులో 1 మి.లీ. వేసి నాలుగైదుసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, ఊపకూడదు. వెంటనే ఐస్ ముక్కలూ నీళ్లూ కలిసిన గిన్నెలో ట్యూబు మెడ దాకా దించాలి. ఉత్త ఐస్ ముక్కల మీద పెడితే ట్యూబుకు అక్కడక్కడే చలి తగులుతుంది, నీళ్లు కలిస్తే చుట్టూరా పడుతుంది. 15 నిమిషాల్లో సెంట్రిఫ్యూజ్ చేసి (యంత్రంలో గిరగిరా తిప్పి) ప్లాస్మా వేరు చేయగలిగితే మంచిది. అందుకని రక్తం తీయకముందే ల్యాబ్‌కు ఫోన్ చేసి, సెంట్రిఫ్యూజ్ చల్లబరచమని చెప్పి, మనిషిని తలుపు దగ్గరే నిలబెట్టండి. హెపారిన్ ట్యూబు వాడమని ల్యాబ్ చెబితే అది లిథియం హెపారినేనా అని చూసుకోండి. అమ్మోనియం హెపారిన్ ట్యూబైతే ఫలితం మొత్తం తప్పే.

పసికందులో లీటరుకు 150 మైక్రోమోల్స్ దాటినా, పెద్ద పిల్లల్లో 100 దాటినా జబ్బే అనుకుని కదలాలి. ల్యాబ్ మైక్రోగ్రాములు/డెసిలీటరులో ఇస్తే 1.7తో భాగించాలి. ఈ లెక్క చూసుకోక 170 అని కంగారుపడినవాళ్లున్నారు. అది 100 మైక్రోమోల్సే. అంకె ఎక్కువగా వస్తే మళ్లీ తీసి పంపండి. అయితే “శాంపిల్ పాడైందేమో” అనుకుంటూ రెండో రిపోర్టు వచ్చేదాకా చికిత్స ఆపడం మాత్రం అన్యాయం. అమ్మోనియా మెదడును గంటల లెక్కన దెబ్బతీస్తుంది. బ్లడ్ గ్యాస్ కూడా పక్కనే పెట్టుకు చూడండి. మత్తుగా ఉన్న పసికందు వేగంగా ఊపిరి తీస్తూ, రక్తం క్షారం వైపు మొగ్గితే యూరియా సైకిల్ జబ్బు (అమ్మోనియాను యూరియాగా మార్చే దారిలో లోపం) వైపు అనుమానం బలపడుతుంది. ఇన్ఫెక్షన్ ముదిరిన బిడ్డలో సాధారణంగా ఆమ్లం పెరుగుతుంది.

లాక్టేట్, షుగర్

లాక్టేట్‌కు ఫ్లోరైడ్ ట్యూబు, అదీ ఐస్‌లోనే. బిడ్డ గింజుకున్నా, గట్టిగా ఏడ్చినా, చేతికి కట్టు బిగించినా లాక్టేట్ పెరుగుతుంది. ఎలా తీశారో ఫారంలో రాయకపోతే ఆ పెరుగుదలకు అర్థం చెప్పలేం. పైరువేట్ (లాక్టేట్‌గా మారే పదార్థం) కూడా కావాలంటే మంచం దగ్గరే పర్‌క్లోరిక్ ఆమ్లం ఉన్న ట్యూబులోకి రక్తం పడాలి. ఆ ఏర్పాటు లేనిచోట పైరువేట్ పంపకపోవడమే మేలు.

షుగర్ డెసిలీటరుకు 50 మి.గ్రా. కన్నా పడిపోయి ఉన్న ఆ కొద్ది నిమిషాల్లో తీసిన రక్తానికి విలువ చాలా ఎక్కువ. ఇన్సులిన్, కార్టిసాల్, గ్రోత్ హార్మోన్, బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్ (కొవ్వు కాలితే వచ్చే ఒక కీటోన్), ఫ్రీ ఫ్యాటీ ఆమ్లాలు (కొవ్వు కరిగి రక్తంలోకి వచ్చేవి), లాక్టేట్, అమ్మోనియా, అసిల్‌కార్నిటిన్, ఇవన్నీ అదే సూది నుంచి రావాలి. వెంటనే 10 శాతం డెక్స్ట్రోజ్ కిలోకు 2 మి.లీ. ఇచ్చి డ్రిప్ కొనసాగించాలి. ఆ తర్వాత వచ్చే మొదటి మూత్రాన్ని వదలొద్దు. షుగర్ పడి, కీటోన్లూ ఫ్యాటీ ఆమ్లాలూ రెండూ తక్కువగా ఉంటే ఇన్సులిన్ ఎక్కువైందని అనుమానించాలి. ఫ్యాటీ ఆమ్లాలు బాగా పెరిగి కీటోన్లు మాత్రం లేకపోతే కొవ్వును కాల్చే దారిలో ఆటంకం ఉన్నట్టు. షుగర్ సరిచేశాక తీసిన రక్తం ఈ తేడా చెప్పదు.

మడమ రక్తం, కార్డు

1963లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గుత్రీ ఫీనైల్‌కీటోనూరియా (ఫీనైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం పేరుకునే జబ్బు) కోసం ప్రచురించిన, కాగితం మీద రక్తపు చుక్క తీసే పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. చుక్కలోంచి యంత్రం కోసుకునే బిళ్ల 3.2 మిల్లీమీటర్లు, అందులో ఉండే రక్తం సుమారు 3 మైక్రోలీటర్లు. ఇంత తక్కువ రక్తంతో లెక్క కట్టాలంటే చుక్క అంతటా ఒకే మందంలో ఇంకి ఉండాలి.

బాగున్న బిడ్డకు చేసే స్క్రీనింగ్‌కైతే పుట్టిన 48 నుంచి 72 గంటల మధ్య తీయడం మంచిది. రక్తం ఎక్కించాల్సి వస్తే మాత్రం ఎన్ని గంటలైనా చూడకుండా ఎక్కించే ముందే తీయాలి. లేకపోతే గెలాక్టోసీమియా (పాలలోని గెలాక్టోజ్ చక్కెరను వాడుకోలేని జబ్బు) పరీక్షలో దాత ఎర్రకణాల్లోని ఎంజైమ్ కనిపించి బిడ్డకు జబ్బు లేదన్న రిపోర్టు వస్తుంది.

గోరువెచ్చని తడిబట్టతో మడమను మూడు నుంచి ఐదు నిమిషాలు వెచ్చబెట్టండి. 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి, తడి ఉంటే రక్తం పలచబడుతుంది. మడమ పక్కభాగంలో, 2 మిల్లీమీటర్లకు మించని లాన్సెట్‌తో గుచ్చాలి. మడమ నడిమధ్యలో గుచ్చితే ఎముకకు తగిలే ప్రమాదం ఉంది. మొదటి చుక్కను పొడి గాజుగుడ్డతో తుడిచేసి, రెండో చుక్క పెద్దదై వేలాడేదాకా ఆగండి. కార్డును దానికి అలా ఆనిస్తే చాలు, కాగితమే పీల్చుకుంటుంది. వలయం నిండాక కార్డు తిప్పి వెనకవైపు చూడండి. అక్కడా అంతే గుండ్రంగా, అంతే ఎర్రగా కనిపిస్తే చుక్క సరిగ్గా పడినట్టు. వెనక తెల్ల మచ్చలుంటే రక్తం చాలలేదు. సరిపోలేదని అదే వలయం మీద ఇంకో చుక్క వేయడం, రెండో వైపు నుంచి కూడా అద్దడం, మడమ పిండడం మూడూ తప్పే. పిండితే కణజాలపు నీరు కలిసి ఫలితం తక్కువ చూపిస్తుంది. చుట్టూ లేత నీటి వలయం కనిపించిన కార్డును పంపకండి, కొత్తది తీయండి. ఈడీటీఏ ట్యూబులోంచి తీసి అద్దిన చుక్కలు కొన్ని థైరాయిడ్ పరీక్షల్ని పాడుచేస్తాయి కాబట్టి ల్యాబ్‌ను అడగకుండా ఆ పని చేయొద్దు.

కార్డును దేనికీ ఆనకుండా అడ్డంగా పెట్టి, నీడలో, గది వేడిలో కనీసం మూడు నాలుగు గంటలు ఆరబెట్టాలి. హీటరూ ఎండా వద్దు. తడి పోకుండా ప్లాస్టిక్ కవరులో పెడితే లోపల చెమ్మ పట్టి ఎంజైములు చచ్చిపోతాయి. బయోటినిడేజ్ (బయోటిన్ విటమిన్‌ను మళ్లీ వాడుకునేలా చేసేది) అలా పోయే ఎంజైమే. దాంతో జబ్బు లేని బిడ్డకు ఉన్నట్టు రిపోర్టు వస్తుంది.

అమైనో ఆమ్లాలు, మూత్రం

హెపారిన్ రక్తం 1 మి.లీ. చాలు. అత్యవసరం కాకపోతే పాలు పట్టిన మూడు నాలుగు గంటలకు తీయాలి. త్వరగా ప్లాస్మా వేరు చేసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. రక్తం చితికితే ఆర్జినేజ్ అనే ఎంజైమ్ బయటికొచ్చి ఆర్జినిన్‌ను ఆర్నిథిన్‌గా మార్చేస్తుంది. ఊరికే ఉంచితే గ్లూటమిన్ తగ్గి గ్లూటమేట్ పెరుగుతుంది. రిపోర్టులో ఈ జతలు అటూ ఇటూ అయి కనిపిస్తే జబ్బు వెతకడానికి ముందు శాంపిల్ ఎన్ని గంటలు ఆగిందో అడగండి.

మూత్రం 5 నుంచి 10 మి.లీ., ఏ మందూ కలపకుండా, తీసిన వెంటనే మైనస్ 20 డిగ్రీల్లోకి వెళ్లాలి. వాల్‌ప్రోయేట్ (ఫిట్స్ మందు), ఎంసీటీ (ఒక రకం కొవ్వు) ఉన్న పాలపొడి మూత్రంలో కొలిచే సేంద్రియామ్లాల రిపోర్టును మార్చేస్తాయి, వాటి పేర్లు ఫారం మీద ఉండి తీరాలి.

వెన్ను నీరు

అమ్మోనియా తెలియకుండా, మెదడు వాపు లేదని నమ్మకం కుదరకుండా వెన్నులో సూది వేయకూడదు. గ్లూట్1 లోపం (రక్తంలోని షుగర్ మెదడులోకి చేరని జబ్బు) అనుమానమైతే బిడ్డకు నాలుగు గంటలు ఏమీ పెట్టకుండా ఉంచి, రక్తంలో షుగర్‌ను సూదికి ముందే తీయాలి. నొప్పికీ భయానికీ రక్తంలో షుగర్ పెరిగి వెన్ను నీటి షుగర్‌కూ రక్తపు షుగర్‌కూ ఉండే నిష్పత్తి తారుమారవుతుంది. నాన్‌కీటోటిక్ హైపర్‌గ్లైసినీమియాకు (గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం పేరుకునే జబ్బుకు) వెన్ను నీటిలోనూ ప్లాస్మాలోనూ గ్లైసిన్ ఒకే పూట కొలవాలి. వెన్ను నీటి గ్లైసిన్‌ను ప్లాస్మా గ్లైసిన్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.08 దాటితే జబ్బు బలంగా నిలుస్తుంది. ఒక్క రక్తపు చార కలిసినా ఆ లెక్క నమ్మలేం.

న్యూరోట్రాన్స్‌మిటర్ల (నరాల మధ్య సందేశాలు మోసే రసాయనాల) కోసమైతే ట్యూబుల వరుస మార్చొద్దు. నీరు వస్తున్నకొద్దీ పైభాగం నుంచి వచ్చేది పెరిగి హోమోవానిలిక్ ఆమ్లం (డోపమిన్ విరిగితే వచ్చేది) అంకె మారుతుంది కాబట్టి, ల్యాబ్ నార్మల్ విలువలు ట్యూబు నంబరును బట్టి ఉంటాయి. మంచం పక్కనే డ్రై ఐస్‌లో పెట్టి, తర్వాత మైనస్ 80లోకి మార్చాలి. రక్తం కలిస్తే ముందు సెంట్రిఫ్యూజ్ చేసి, తేటనీరే ఫ్రీజర్‌లో గడ్డకట్టించాలి.

పరిశోధన కోసం దాచేవి

ప్లాస్మా ఒకే పెద్ద ట్యూబులో దాచితే ప్రతి పరీక్షకూ కరిగించి మళ్లీ గడ్డకట్టించాల్సి వస్తుంది. పావు నుంచి అర మి.లీ. చొప్పున పంచి దాచండి. లేబుల్ మీద బిడ్డ పేరు కాకుండా కోడ్ ఉండాలి. కోడ్‌కూ పేరుకూ సంబంధం చూపే పుస్తకం వేరేచోట, తాళంలో ఉండాలి. తీసిన సమయం, గడ్డకట్టించిన సమయం, చివరిసారి పాలు పట్టిన సమయం, ఎక్కుతున్న డ్రిప్, మందులు, రక్తం ఎక్కించిన తేదీ రాయని శాంపిల్ పదేళ్ల తర్వాత ఎవరికీ పనికిరాదు. డీఎన్‌ఏకు బిడ్డతోపాటు అమ్మానాన్నల ఈడీటీఏ రక్తం కూడా 2 నుంచి 5 మి.లీ. చొప్పున తీసుకోండి. ముగ్గురివీ కలిపి చూస్తే కొత్తగా వచ్చిన మార్పు ఏదో సులువుగా తెలుస్తుంది. ఇప్పటి వైద్యానికి వేరే అంగీకారపత్రం, దాచి పరిశోధించడానికి వేరే పత్రం. బిడ్డ కొట్టుమిట్టాడుతున్న గంటలో రెండోదాని మీద సంతకం అడగకండి. శాంపిల్ తీసి ఉంచి, తల్లిదండ్రులు కాస్త కుదుటపడ్డాక వివరంగా చెప్పి అడగండి. వద్దంటే ఆ భాగం పారేయాలి.

బిడ్డ దక్కేలా లేనప్పుడు, తల్లిదండ్రులు ఒప్పుకుంటే, ప్లాస్మా, మూత్రం, కార్డు మీద చుక్కలు, డీఎన్‌ఏ రక్తం, చర్మం ముక్క తీసి ఉంచాలి. తర్వాతి కాన్పులో ముందే పరీక్ష చేయడానికి ఆ కుటుంబానికి ఉండే ఆధారం ఇవే. చర్మం 3 మిల్లీమీటర్ల పంచ్‌తో, ఆల్కహాల్‌తో తుడిచి తీయాలి. అయోడిన్ మిగిలితే కణాలు పెరగవు. కల్చర్ ద్రవంలో, అది లేకపోతే శుభ్రమైన సెలైన్‌లో వేసి, గది వేడిలోనే మర్నాటికల్లా ల్యాబ్‌కు చేర్చాలి. ఫార్మలిన్‌లో వేయకూడదు, ఫ్రీజర్‌లోనూ పెట్టకూడదు.