చదివిన పుస్తకం గుర్తుండాలంటే ఎలా చదవాలి?

పుస్తకం, పెన్సిలు, ఒక రూళ్ల నోట్‌బుక్కు చాలు. హైలైటర్ వద్దే వద్దు. ఫోన్ పక్క గదిలో పెట్టేయండి.

ముందు విషయసూచిక చూసి, ఈ పుస్తకం నుంచి మీరు తెలుసుకోవాలనుకున్నది ఒక ప్రశ్నగా రాసుకోండి. తర్వాత ఒక్క అధ్యాయం ఏకబిగిన చదవండి. తెలియని మాట తగిలితే పక్కన చుక్క పెట్టి ముందుకెళ్లండి.

అసలు పని ఇప్పుడే మొదలు. అధ్యాయం అవగానే పుస్తకం మూసేయండి. పేజీలో వేలు పెట్టుకుని మూయడం కాదు, పూర్తిగా మూయాలి. చదివింది మీ మాటల్లో రాయండి. అందరూ చెడగొట్టేది ఇక్కడే. రెండు లైన్లు రాసి, ఆగిపోయి, మెల్లగా అట్ట తెరుస్తారు. తెరవకండి. గుర్తు తెచ్చుకోవడానికి అలా గింజుకుంటేనే విషయం తలకెక్కేది.

ధవళేశ్వరం ఆనకట్ట గురించి చదివారనుకోండి. ‘కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు’ అని రాసి పెన్సిల్ పక్కన పడేస్తారు. అది పరీక్షలో బిట్టుకి సరిపోతుంది. పక్కనే గోదావరి పారుతుంటే ఆ జిల్లాలో కరువెందుకొచ్చింది? కింద పారే నీళ్లు కాలువల్లోకి ఎలా ఎక్కాయి? వీటికి జవాబు రాయలేకపోతే మీకు మిగిలింది తేదీలే. తట్టని చోట ఖాళీ వదలండి. పది నిమిషాలు ఆలోచించాకే పుస్తకం తెరిచి, ఆ ఖాళీ నింపే పేరా ఒక్కటే చదవండి. అధ్యాయమంతా మళ్లీ తిరగేయొద్దు.

పదిసార్లు చదివితే అదే వస్తుందని ఇంకా పిల్లలకు చెబుతున్నారు, బాధేస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు విద్యార్థులతో ఇదే చేయించి చూశారు. ఐదు నిమిషాలకే అడిగితే రెండుసార్లు చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత వాళ్లకు గుర్తున్నది 42 శాతం. ఒకసారి చదివి, చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం.

నవలలకు ఈ రాత పని పెట్టుకోకండి. చివరిదాకా చదివి ఎవరికైనా కథ చెప్పండి, అంతే.

మిగతా పుస్తకాలకు మాత్రం వారం తర్వాత, నోట్‌బుక్కు చూడకుండా, ఆ అధ్యాయం ఇంట్లో ఒకరికి చెప్పాలి. నేను మా అమ్మకు చెబుతాను. కాలువ కింద వరి పండించిన మనిషి. ఆనకట్ట సంగతంతా విని, ‘మరి లాకులెందుకు పెట్టార్రా?’ అంది. ఆ రాత్రే పుస్తకం మళ్లీ తీశాను.