వేడి మీద మొండికేసే పాత పెట్రోల్ పికప్: కార్బొరేటర్ ఓవర్‌ఫ్లో, హాట్ స్టార్ట్ సమస్యలను సరిచేసుకోవడం ఎలా?

సాలూరు నుంచి కోరాపుట్ వైపు ఘాట్ ఎక్కి, సుంకిలోనో పొట్టంగిలోనో టీకి ఆపిన పాత పెట్రోల్ బండి పావుగంట తర్వాత సెల్ఫ్ కొడితే తిరుగుతుంది గానీ అందుకోదు. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే లేచిన బండే. ఎండాకాలంలో పార్వతీపురం - రాయగడ రోడ్డు మీదా, పర్లాకిమిడి బజారులోనూ ఇదే తంతు. చుట్టూ చేరినవాళ్లు "తమ్ముడూ, రెండుసార్లు గట్టిగా రేస్ ఇవ్వు" అంటారు. దయచేసి ఇవ్వకండి, సగం బండ్లు అక్కడే పూర్తిగా మొరాయిస్తాయి.

ఇక్కడ చెప్పేది డీజిల్ బండ్ల గురించి కాదు, వాటికి కార్బొరేటర్ (పెట్రోల్‌ను గాలిలో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉండదు. పాత మహీంద్రా పెట్రోల్ జీపులు, వాటిని కోసి తొట్టి కట్టించిన పికప్‌లు, తొలితరం జిప్సీలు, సామాన్లు వేసుకునే పాత ఓమ్నీలు, వీటికి పనికొస్తుంది. అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఇంజిన్‌లోకి పెట్రోల్ ఎక్కువైందా, అసలు అందడమే లేదా? తాళం తిప్పినప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి, కానీ ఒకదానికి చేసే వైద్యం రెండోదాన్ని ఇంకా పాడు చేస్తుంది.

ఆపాకే ఎందుకు వస్తుంది?

ఇంజిన్ నడుస్తున్నంతసేపు ఫ్యాను గాలి, రేడియేటర్ నీళ్లు వేడిని లాగేస్తుంటాయి. ఆపగానే అవి రెండూ ఆగిపోతాయి, ఇంజిన్ నుంచి పొగ బయటకు పోయే గొట్టం, అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వేడి మాత్రం అలాగే పైకి ఎక్కుతుంది. అందుకే ఆపిన తర్వాత పది, ఇరవై నిమిషాల పాటు బానెట్ కింద ఇంకా కాగిపోతుంది. పెట్రోల్ ఒకే వేడి దగ్గర మరిగే సరుకు కాదు, అందులోని తేలిక భాగం 35-40 డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మొదలుపెడుతుంది. పొయ్యి మీద పాలు పొంగినట్టు, కార్బొరేటర్‌లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ పొంగి, జెట్ అనే సన్న రంధ్రంలోంచి ఇంజిన్‌కు గాలి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి కారిపోతుంది. ఇది ఓవర్‌ఫ్లో. అదే వేడి ఫ్యూయల్ పంపులోనో పైపులోనో ఉన్న పెట్రోల్‌ను ఆవిరి చేస్తే పంపు ఆవిరినే పీలుస్తుంది గానీ పెట్రోల్‌ను తోయలేదు. మనవాళ్లు దీన్నీ ఎయిర్ లాక్ అనే అంటారు.

ఘాట్ బండ్లకు ఇంకో చిక్కు ఉంది. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పలచన, కార్బొరేటర్ మాత్రం దాదాపు కింద సాలూరులో పోసినంత పెట్రోలే పోస్తుంది, కాబట్టి మిశ్రమం చిక్కబడుతుంది. దానికి తోడు లోడుతో సెకండ్ గేర్‌లో ఎక్కిన ఇంజిన్ వేడి.

1. ముందు ఆపండి, వాసన చూడండి

తాళం ఆఫ్ చేసి బానెట్ ఎత్తండి. బీడీలు, సిగరెట్లు దూరంగా ఉండాలి, దీనిలో మొహమాటం వద్దు. కార్బొరేటర్ బయటకే పెట్రోల్ కారి మానిఫోల్డ్ మీద పడుతుంటే సెల్ఫ్ జోలికి అసలు పోకండి, స్పార్క్ వచ్చే పని ఏదీ చేయకండి, చల్లారనివ్వండి. బండిలో మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్ చిన్నదైనా ఒకటి పెట్టుకోండి.

2. ఏ జబ్బో తేల్చండి

ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, టార్చ్ లైటుతో కార్బొరేటర్ గొంతులోకి చూడండి. తాళం ఆఫ్‌లోనే ఉండాలి. సెల్ఫ్ తిరుగుతుండగా మొహం అక్కడ పెడితే బ్యాక్‌ఫైర్‌కు కనుబొమలు కాలతాయి. లోపల గోడలు తడిగా మెరుస్తూ, నడిమి నాజిల్ నుంచి బొట్లు పడుతుంటే అది ఓవర్‌ఫ్లో. ఏమీ కారడం లేదనుకుంటే యాక్సిలరేటర్ తొక్కితే కదిలే థ్రాటిల్ లివర్‌ను చేత్తో ఒక్కసారి తిప్పండి. యాక్సిలరేటర్ పంపు నాజిల్ నుంచి సన్నటి దారంలా పెట్రోల్ చిమ్మితే చాంబర్‌లో పెట్రోల్ ఉన్నట్టు. చుక్క కూడా రాకపోతే చాంబర్ ఖాళీ, పెట్రోల్ అందడం లేదు. అనుమానం తీరకపోతే ఒక ప్లగ్గు విప్పండి: నల్లగా తడిసి వాసన కొడితే ఎక్కువైంది, పొడిగా ఉంటే అందలేదు.

3. పెట్రోల్ ఎక్కువైతే

చోక్ నాబ్ పూర్తిగా లోపలికి నెట్టండి, అంటే కార్బొరేటర్ గొంతులో గాలికి అడ్డుపడే చోక్ ప్లేటు తెరుచుకోవాలి. వైరు పట్టేసి ప్లేటు సగంలో ఆగుతుంది, కాబట్టి కంటితో చూసుకోండి. ఇప్పుడు యాక్సిలరేటర్‌ను నెమ్మదిగా నేల దాకా తొక్కి అలాగే పట్టుకోండి. ఎత్తి తొక్కి, ఎత్తి తొక్కి చేయొద్దు, ఎందుకంటే తొక్కిన ప్రతిసారీ ఆ పంపు ఇంకో గుటక పెట్రోల్ లోపలికి చిమ్ముతుంది. నేలకు నొక్కి పట్టుకుంటే గాలి నిండుగా వెళ్లి లోపలి తడిని ఆరబెడుతుంది. ఐదు నుంచి ఎనిమిది సెకన్లు సెల్ఫ్ కొట్టండి, అర నిమిషమైనా ఆగండి, మళ్లీ కొట్టండి. లేవగానే కాలు కొద్దికొద్దిగా ఎత్తండి. నల్లపొగ కాసేపు వస్తుంది, టెన్షన్ పడొద్దు. మూడు నాలుగు సార్లకీ లేవకపోతే బ్యాటరీ చంపుకోకుండా ప్లగ్గులు విప్పి, తుడిచి, ఆరబెట్టి బిగించండి. ప్లగ్గులు విప్పి ఉండగా సెల్ఫ్ కొట్టాలంటే ముందు స్పార్క్‌కు కరెంటు ఇచ్చే కాయిల్ వైరు తీసేయండి, లేకపోతే బయటకొచ్చే పెట్రోల్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది.

4. పెట్రోల్ అందకపోతే

ట్యాంకు మూత ఒకసారి తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట, చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. ఆ తర్వాత తడిగుడ్డ ఫ్యూయల్ పంపు మీదా, ఇంజిన్ పక్కనుంచి పోయే పెట్రోల్ పైపు మీదా చుట్టి పది నిమిషాలు ఆగండి. కాలుతున్న మానిఫోల్డ్ మీద మాత్రం నీళ్లు పోయకండి, పోత ఇనుము పగులుతుంది. చల్లారాక సెల్ఫ్ కొడితే పంపు చాంబర్‌ను నింపుతుంది. ఇక్కడ చోక్ సగం లాగడం పనికొస్తుంది, ఓవర్‌ఫ్లో బండికైతే అదే విషం. కార్బొరేటర్ గొంతులో సీసాతో పెట్రోల్ పోసి స్టార్ట్ చేసే అలవాటు మానండి. మంటలు లేచేది అలాగే.

పెట్రోల్ సరిగ్గానే ఉండి, ప్లగ్గులు కూడా బాగుండి లేవకపోతే కాయిల్, కండెన్సర్ చూపించండి. వేడెక్కితే స్పార్క్ సన్నబడి, చల్లారితే మామూలయ్యే కాయిళ్లు ఉంటాయి. ఆ నేరం ఊరికే కార్బొరేటర్ మీద పడుతుంది.

5. ఇంటికొచ్చాక అసలు రిపేరు

రాయగడ, కోరాపుట్ షెడ్లలో తెలుగు తెలిసిన మేస్త్రీలు చాలామందే ఉంటారు. ఉత్త "స్టార్ట్ కావట్లేదు" అనకండి. "వేడి మీద ఆపాక, పెట్రోల్ వాసనతో, స్టార్ట్ కావట్లేదు" అని చెప్పండి, సగం పని అక్కడే అయిపోతుంది. చూడమనాల్సింది ముందు నీడిల్ వాల్వ్, అంటే చాంబర్ నిండగానే పెట్రోల్‌ను ఆపే సూది. దాని కొన మీద వేలిగోరు పెట్టి లాగితే మెట్టులా తగులుతుంటే అరిగిపోయినట్టే, సీటుతో సహా మార్చాలి. తర్వాత పెట్రోల్ మీద తేలుతూ ఆ వాల్వ్‌ను మూసే ఫ్లోట్. ఇత్తడి ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోల్ కదిలిన చప్పుడు వస్తుందంటే చిల్లు పడింది, మునిగిపోయి వాల్వ్‌ను మూయలేకపోతోంది. దాన్ని టంకం వేయించొద్దు. లోపల పెట్రోల్ ఆవిరి ఉండగా వేడి పెడితే పేలుతుంది, పైగా టంకం బరువుకు లెవెల్ మారిపోతుంది. కొత్తది వేసి మీ మోడల్ కొలతకు లెవెల్ పెట్టించండి.

అందరూ మర్చిపోయేది ఒకటుంది. కార్బొరేటర్‌కూ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కూ మధ్య చాలా బండ్లకు మందపాటి బేకలైట్ దిమ్మ ఉంటుంది, వేడి పైకి ఎక్కకుండా ఆపేది అదే. అది పగిలితే పల్చటి ప్యాకింగ్ కాగితం కోసి బిగించేస్తారు, ఆ రోజు నుంచి హాట్ స్టార్ట్ కష్టాలు మొదలవుతాయి. అడిగి మరీ దిమ్మ వేయించండి. పెట్రోల్ పైపు మానిఫోల్డ్‌కు ఆనుకుని పోతుంటే పక్కకు మళ్లించండి. పాత పంపు తీసి ఇంజెక్షన్ కారు ఎలక్ట్రిక్ పంపు వేస్తామంటే ఒప్పుకోకండి. అది దాదాపు 40 పీఎస్‌ఐ ఒత్తిడి ఇస్తుంది, కార్బొరేటర్‌కు సాధారణంగా 5 లోపే చాలు, అంత ఒత్తిడిని ఏ నీడిల్ వాల్వూ ఆపలేదు.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఈ పాత బండ్ల రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్‌లు దానికోసం చేసినవి కావు, మెత్తబడి పొరలు రాలి ఆ తుక్కే నీడిల్ వాల్వ్ కింద ఇరుక్కుంటుంది. పైపులు ఇథనాల్‌కు తట్టుకునే రకం వేయించి, పంపుకు ముందు చిన్న ఫిల్టర్ పెట్టించండి. బండి వారాల తరబడి నిలబెట్టేటట్టయితే ట్యాంకులో పాత పెట్రోల్ ఉంచకండి, ఇథనాల్ తేమను పీలుస్తుంది.

చివరగా ఇంజిన్ ఆయిల్. గట్టిగా ఓవర్‌ఫ్లో అయిన బండిలో పెట్రోల్ సిలిండర్ గోడల వెంట ఆయిల్‌లోకి దిగిపోతుంది. డిప్‌స్టిక్ లాగి ముక్కు దగ్గర పెట్టండి. పెట్రోల్ వాసన వచ్చినా, లెవెల్ ఉన్నదానికంటే పెరిగినా ఆ ఆయిల్ నీళ్లైపోయినట్టే. దాన్ని మార్చకుండా మళ్లీ లోడుతో ఘాట్ ఎక్కించకండి, బేరింగులు పోతాయి.