లక్కీ బ్యాంబూను ఏడాది పొడవునా పచ్చగా ఉంచుకోవడం ఎలా?

పేరులో బ్యాంబూ ఉన్నా ఇది వెదురు జాతికి చెందదు. వెదురు గడ్డి కుటుంబంలోది. దీని శాస్త్రీయ నామం డ్రసీనా సాండెరియానా. మధ్య ఆఫ్రికా అడవుల్లో పెద్ద చెట్ల కింద పెరిగే పొద ఇది. కణుపులున్న దీని కాడ చూడటానికి వెదురులా ఉండటంతో ఆ పేరు స్థిరపడిపోయింది. చెట్ల నీడ, వెచ్చదనం, గాలిలో తేమ దీనికి పుట్టుకతో అలవాటు. ఋతువు మారినప్పుడల్లా మన గదిలో వీటిలో ఏది తగ్గిందో కనిపెట్టి సర్దడమే దీని పెంపకమంతా.

నేను పెంచిన మొదటి మొక్క అతిశ్రద్ధకు బలైంది. కిటికీ అంచున ఎండలో పెట్టాను, కాడ సగం మునిగేలా నీళ్లు నింపాను, వారం వారం ఎరువు వేశాను. నెలన్నర తిరక్కుండానే కాడ పసుపు రంగుకు తిరిగి మెత్తబడింది. కాబట్టి కింద చెప్పే పనుల్లో చేయాల్సినవాటితో పాటు మానాల్సినవీ ఉంటాయి.

1. ముందు నీళ్ల సంగతి

నీళ్ల పాత్రలో పెంచేటప్పుడు వేళ్లు పూర్తిగా మునిగితే చాలు. అంటే అడుగున రెండు మూడు అంగుళాల నీళ్లు. అంతకు మించి పోస్తే కాడ నిత్యం నాని కుళ్లుతుంది.

కుళాయి నీళ్లయితే మూత లేని గిన్నెలో రాత్రంతా ఉంచండి. క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. ఫ్లోరైడ్ మాత్రం అలా పోదు. కాచినా పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ మరింత చిక్కబడుతుంది. డ్రసీనా మొక్కలకు ఫ్లోరైడ్ గిట్టదు. ఆకుల కొసలు గోధుమ రంగులో ఎండుతూ వస్తుంటే మొదట అనుమానించాల్సింది నీళ్లనే. వాన నీళ్లు గానీ ఫిల్టరు చేసిన ఆర్వో నీళ్లు గానీ వాడి చూడండి. ఎండిన కొసలు తిరిగి పచ్చబడవు, కొత్త ఆకులు శుభ్రంగా వస్తే సమస్య తీరినట్టే.

వారానికోసారి నీళ్లన్నీ పారబోసి కొత్తవి పోయాలి. తగ్గినప్పుడల్లా పైన కాసిని పోస్తూ నెట్టుకురావడం చాలామందికి అలవాటు. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, అందులోని లవణాలు పాత్రలోనే ఉండి పేరుకుపోతాయి. వారం అని గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం దోమలు. వెచ్చని వాతావరణంలో గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం, పది రోజులు చాలు. డెంగీని మోసే ఏడిస్ దోమ తన గుడ్లను నీటి అంచుకు కాస్త పైన పాత్ర గోడకు అంటిస్తుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి బతికి, నీరు తగలగానే పొదుగుతాయి. అందుకని పాత్ర లోపలి గోడలను, గులకరాళ్లను రుద్ది కడగాలి. ఇది ఉత్త భయం కాదు: 2001లో ఈ రకానికి చెందిన ఏడిస్ ఆల్బోపిక్టస్ దోమ అమెరికాలోని కాలిఫోర్నియాలోకి వచ్చింది నీళ్లలో నిలబెట్టి ఓడల మీద తెచ్చిన లక్కీ బ్యాంబూ కాడలతోనే.

కడిగేటప్పుడు వేళ్లను కూడా చూడండి. ఎర్రగా, నారింజ రంగులో కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, ఆరోగ్యంగా ఉన్న వేళ్ల రంగే అది. నల్లబడి, పట్టుకుంటే మెత్తగా జారిపోయే వేళ్లను మాత్రం కత్తిరించి పారేయాలి.

2. వేసవిలో

గాజు కిటికీలోంచి పడే ఎండ ఆకులను మాడ్చేస్తుంది. మొక్కను కిటికీ నుంచి కొన్ని అడుగుల వెనక్కి జరపండి, లేదా మధ్యలో పల్చని తెర వేయండి. ఎండ తగిలితే చిన్న పాత్రలో నీళ్లు ఇట్టే వేడెక్కుతాయి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ కనుక వేళ్లు ఉక్కిరిబిక్కిరవుతాయి. పైగా వెలుతురు బాగా సోకే గాజు పాత్రలో పచ్చటి నాచు పడుతుంది. వేసవి వరకైనా పింగాణీ పాత్రలోకి మారిస్తే ఈ బెడద ఉండదు.

ఏసీ గాలి నేరుగా తగలకూడదు. గాలి పొడిబారిన రోజుల్లో ఆకుల మీద నీళ్లు చిలకరించండి. ఆకు అడుగున సాలెగూడు లాంటి సన్నటి దారాలు కనిపిస్తే ఎర్రనల్లి అనే చిన్న పురుగు చేరిందన్నమాట. తడిగుడ్డతో ఆకులను రెండు వైపులా తుడవడం దానికి సులువైన మందు. నాలుగైదు రోజులకోసారి తుడిస్తే చాలావరకు లొంగుతుంది.

ఎరువు వేయాలనుకుంటే మొక్క చురుగ్గా పెరిగే వెచ్చని నెలల్లోనే వేయాలి. ద్రవ ఎరువు డబ్బా మీద రాసిన మోతాదులో పదో వంతు, అదీ రెండు నెలలకోసారి. వేయకపోయినా ఈ మొక్క చాలాకాలం బతుకుతుంది. ఎక్కువైతే మాత్రం ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి.

3. వానాకాలంలో

మబ్బు రోజుల్లో గదిలో వెలుతురు పడిపోతుంది. కొత్త చిగుళ్లు పొడుగ్గా, పీలగా సాగుతుంటే మొక్క వెలుతురు కోసం వెతుక్కుంటోందని అర్థం. వేసవిలో వెనక్కి జరిపినదాన్ని ఇప్పుడు కిటికీ దగ్గరకు తెండి. వెలుతురు వచ్చే వైపుకే వంగుతుంది కనుక నీళ్లు మార్చినప్పుడల్లా పాత్రను కాస్త తిప్పి పెట్టండి. అన్నట్టు, అంగట్లో కనిపించే మెలికల కాడలు తయారయ్యేది కూడా ఈ గుణం వల్లే. వెలుతురు ఒకే వైపు నుంచి పడేలా చేసి, మొక్కను నెలల తరబడి కొద్దికొద్దిగా తిప్పుతారు. ఇంట్లో పెరిగే కొత్త భాగం మామూలుగా నిటారుగానే వస్తుంది, అందులో మీ తప్పేమీ లేదు.

మట్టిలో పెంచేవారు పైమట్టి ఆరాకే నీళ్లు పోయాలి. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవకూడదు.

4. చలికాలంలో

పది డిగ్రీల కన్నా చల్లబడితే ఆకులు దెబ్బతింటాయి. పద్దెనిమిదికి తగ్గకుండా ఉంటే మొక్కకు హాయి. రాత్రిపూట కిటికీ అద్దానికి ఆకులు తగలనీయకండి. హీటరు పక్కన పెడితే అదో ఇబ్బంది, గాలి పొడిబారి కొసలు ఎండుతాయి. ఈ కాలంలో నేను జాగ్రత్తపడేది ముఖ్యంగా ఒక్క విషయంలోనే: మార్చే నీళ్లను ముందు రోజే గదిలో ఉంచుకుంటాను. పొద్దున్నే కుళాయి నుంచి పట్టిన చన్నీళ్లు వేళ్ల మీద పోస్తే మొక్క తట్టుకోలేదు. పెరుగుదల మందగిస్తుంది కనుక ఎరువు పూర్తిగా ఆపేయాలి.

5. కాడ పసుపు రంగుకు తిరిగితే

అడుగున ఒకటో రెండో పాత ఆకులు పసుపెక్కి రాలడం మామూలే. కాడే పసుపెక్కితే అది మళ్లీ పచ్చబడదు. మిగతావాటికి కుళ్లు పాకకముందే దాన్ని కట్టలోంచి తీసేసి, పాత్ర కడిగి నీళ్లు మార్చండి. కాడలను తీగతో బిగించి కట్టి ఉంటే ఆ కట్టును వదులు చేయండి. కాడ లావెక్కే కొద్దీ తీగ లోపలికి కోసుకుపోతుంది.

తీసిన కాడ పైభాగం ఇంకా పచ్చగా, గట్టిగా ఉంటే పారేయకండి. పదునైన శుభ్రమైన కత్తెరతో పసుపు భాగానికి బాగా పైన, ఒక కణుపుకు కింద కత్తిరించి, ఆ కణుపు మునిగేలా నీళ్లలో నిలబెట్టండి. కొన్ని వారాల్లో వేళ్లు వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మొక్క నుంచి పిలకలు తీసి పెంచే పద్ధతీ ఇదే. కోసిన ముక్కలను నేల మీద వదిలేయకండి. ఈ ఆకుల్లోని సపోనిన్లు అనే పదార్థాలు పిల్లులకు, కుక్కలకు పడవు. నమిలితే వాంతులు చేసుకుంటాయి. మొక్కను కూడా వాటికి అందని ఎత్తులోనే ఉంచండి.