సాహిత్య క్విజ్‌కి గొడవ రాని ప్రశ్నలు రాయడం ఎలా?

ఇరవై రెండు అట్టముక్కలు, ఒక పెన్ను చాలు. ఫోన్‌లో మాత్రం రాసుకోకండి. సరిగ్గా చదవబోయే వేళకి తెర ఆరిపోతుంది, లేదా వేలు తగిలి జవాబు బయటపడుతుంది. ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు. దీనికి తిరుగులేదు.

ముందు జవాబులు ఎంచుకోండి, ప్రశ్నల సంగతి తర్వాత. జవాబు పదిమంది విన్న పేరై ఉండాలి. ఎవరికీ తెలియని పేరు పెట్టి, అందరూ నోళ్లు వెళ్లబెడితే మురిసిపోయే క్విజ్ మాస్టర్లంటే నాకు పడదు. పేరు కుదిరాక దానికో దారి వెయ్యండి: "1818లో రచయిత పేరు లేకుండా అచ్చయిన 'ఫ్రాంకెన్‌స్టైన్' ఎవరు రాశారు?" మేరీ షెల్లీ. చూశారా, సంవత్సరం ప్రశ్నలోనే ఉంది. దాన్ని జవాబుగా అడగకూడదు, అది పరీక్ష హాల్లో పని.

ఇక అసలు కష్టం. రాసిన ప్రతి ప్రశ్నకీ రెండో జవాబు ఉందేమో మీరే వెతకాలి. చాలామంది మొదటి జవాబు సరైనదో కాదో చూసుకుని సరిపెట్టేస్తారు. నేనూ అలాగే చేసేవాణ్ణి. ఒకసారి "సాహిత్య నోబెల్‌ని వద్దన్నదెవరు?" అని అడిగాను. అట్ట వెనక ఫ్రెంచ్ రచయిత సార్త్ర్ పేరు ఉంది. వెనక వరసలోంచి ఒకాయన లేచి "పాస్టర్నాక్" అన్నాడు. తప్పన్నాను. ఆయన కూర్చోలేదు. 1958లో రష్యన్ రచయిత పాస్టర్నాక్ ముందు ఒప్పుకుని, సోవియట్ ప్రభుత్వ ఒత్తిడికి వద్దనాల్సి వచ్చిందని అందరి ముందూ చెప్పాడు. ఆయనదీ రైటే. మార్కులివ్వక తప్పలేదు, అవతలి జట్టు అలిగింది. "1964లో వద్దన్న ఫ్రెంచ్ రచయిత ఎవరు?" అని ఉంటే ఈ తంటా ఉండేది కాదు.

అందుకే "మొదటి", "ఒకే ఒక్క" అన్న మాటలు అట్ట మీద కనిపిస్తే ఆగండి. ప్రపంచంలో మొదటి నవల ఏదంటే ఒకరు 1605లో వచ్చిన 'డాన్ కిహోటే' అంటారు, ఇంకొకరు 11వ శతాబ్దంలో జపాన్‌లో మురసాకి షికిబు రాసిన 'గెంజి కథ' అంటారు. ఇద్దరినీ కాదనలేరు. అమెరికన్ రచయిత్రి హార్పర్ లీ ఒకే నవల ప్రచురించిందన్న ప్రశ్న పాత పుస్తకాల్లో ఇంకా ఉంది. 2015లో రెండోది వచ్చింది. ఒకే నవల కావాలంటే ఎమిలీ బ్రాంటీని అడగండి, 'వుదరింగ్ హైట్స్' ఒక్కటే.

అందరికీ తెలిసిందే కదా అనిపించేవి ఇంకా ప్రమాదం. "ఎలిమెంటరీ, మై డియర్ వాట్సన్" అన్న వాక్యం ఆ రూపంలో కానన్ డాయిల్ రాసిన షెర్లాక్ హోమ్స్ కథల్లో ఎక్కడా లేదు. షేక్‌స్పియర్, 'డాన్ కిహోటే' రాసిన సెర్వాంటెస్ 1616 ఏప్రిల్ 23న ఒకేరోజు పోయారన్నదీ అంతే. అప్పటికి స్పెయిన్ కొత్తదైన గ్రెగోరియన్ క్యాలెండర్‌కి మారింది, ఇంగ్లండ్ ఇంకా పాత జూలియన్ క్యాలెండర్‌లోనే ఉంది. తేదీ ఒకటే అనుకున్నా మధ్యలో పది రోజుల తేడా ఉంది. పైగా సెర్వాంటెస్ 22నే పోయాడంటారు. ఇలాంటివి వాడాలనుకుంటే అపోహనే ప్రశ్నగా మార్చండి, రక్తి కడుతుంది.

అనుమానం తీరని అట్టముక్కని చింపెయ్యండి. దిద్ది వాడితే రాత్రికి మళ్లీ అదే మీ మెడకి చుట్టుకుంటుంది.

ఇరవై అట్టల్లో తేలికవి ముందు, కష్టమైనవి మధ్యలో పేర్చండి. ఆప్షన్లు ఇవ్వొద్దు, అది బొమ్మాబొరుసు ఆట. మిగిలిన రెండు అట్టలు జట్లు సమంగా నిలిస్తే వాడటానికి. వాటి మీద మాత్రం రాయి పడ్డా చెదరని ప్రశ్నలుండాలి. నావి ఎప్పుడూ ఇవే: డికెన్స్ 'ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్'లో ఆ రెండు నగరాలేవి? జార్జ్ ఆర్వెల్ అసలు పేరేమిటి?