ఒక బోర్డు అబద్ధమాడినా మిగతా బోర్డుల్లో ఒకే రేటు ఉండాలంటే

పోయిన తోతాపురి మామిడి సీజన్లో చిత్తూరు పక్కన ఒక మండీలో వైఫైతో ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నాలుగు రేటు బోర్డులు బిగించాను: ఆఫీసు, గేటు, షెడ్డు, కాటా. ఒకరోజు రేటు పంపే ఆఫీసు బోర్డు చెడిపోయి గేటుకు కిలో 12 అని, కాటాకు 8 అని పంపింది. గేటు దగ్గర చూసి ట్రాక్టరు లోపలికి తోలిన రైతు, కాటా దగ్గర తలెత్తి అలాగే నిలబడిపోయాడు. తప్పు నాది. ఆ రాత్రే తిరుపతికొచ్చి ప్రోగ్రాం మొత్తం మార్చాను. 1987లో కంప్యూటర్ శాస్త్రవేత్త గేబ్రియల్ బ్రాకా ప్రచురించిన పద్ధతే వాడాను.

ఒక బోర్డు చెడినా తట్టుకోవాలంటే మొత్తం 4 ఉండాలి. 2 చెడినా అంటే 7. ఖర్చు తగ్గిద్దాం, మూడు చాలవా అంటారు, ఒప్పుకోవద్దు.

ఆఫీసు నుంచి రేటు రాగానే ఏ బోర్డూ దాన్ని చూపించకూడదు. ‘నాకు ఈ రేటు వచ్చింది’ అని అందరికీ చెప్పాలి. ఇది ఎకో. ఆఫీసు పంపే ప్రతి రేటు సందేశానికీ ఒక నంబరు ఉంటుంది, ఒక నంబరుకు ఒక్కో బోర్డు ఒక్క ఎకోనే ఇవ్వాలి. ఒకే రేటుకు 3 ఎకోలు చేరితే (తనదీ లెక్కే) ఆ రేటుకు ‘రెడీ’ అని అందరికీ పంపాలి. మూడే ఎందుకంటే, నాలుగింట్లో ఏ రెండు ముగ్గురి గుంపులు తీసుకున్నా ఇద్దరు రెండింట్లోనూ ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా మంచి బోర్డు, అది రెండు రేట్లకు ఎకో ఇవ్వదు. అందుకే 12కీ 8కీ రెండింటికీ మూడేసి ఎకోలు పడవు.

ఎకోలు చాలకపోయినా, ఒకే రేటుకు 2 రెడీలు వస్తే తానూ రెడీ అనాలి. 3 రెడీలు చేరాకే రేటు వెలగాలి. ఆ మూడింట్లో రెండైనా మంచివే కాబట్టి, ఒక మంచి బోర్డు చూపించిన రేటు మిగతా మంచి బోర్డులకూ చేరి తీరుతుంది. పంపే బోర్డే చెడితే ఒక్కోసారి ఏ రేటూ రాదు. అప్పుడు నేను బోర్డు మీద ఉత్త గీత చూపిస్తాను, పాత రేటు ఉంచను.

సందేశాలను కాదు, బోర్డులను లెక్కపెట్టండి. నా మొదటి కోడ్‌లో ఒకే బోర్డు మూడుసార్లు పంపిన ఎకో మూడుగా పడింది. ప్రతి రెండు బోర్డుల జంటకూ వేరే తాళం (ఆ రెంటికే తెలిసిన రహస్య కోడ్) పెట్టండి, లేకపోతే ఒకటి ఇంకొకటి పేరుతో మాట్లాడుతుంది. వైఫై నత్తనడక నడిచినా పర్లేదు, అందేదాకా మళ్ళీ మళ్ళీ పంపాలి. టైమర్ మీద మాత్రం ఆధారపడొద్దు.

బిగించే ముందు ఆఫీసు బోర్డుతో కావాలనే అబద్ధం ఆడించండి: గేటుకూ షెడ్డుకూ 12, కాటాకు 8 పంపి, తన ఎకో మాత్రం 12కే ఇచ్చేలా. నా బల్ల మీద 8 విన్న కాటా బోర్డు కూడా 12 చూపించింది.